బంపర్ లోపలి ఇనుము

సిద్దిపేటలో దుబ్బాక రోడ్డు మీద నాకొక డెంటింగ్ షెడ్డు ఉంది. మా తమ్ముడు పాతదొక రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొని, దాన్ని రేసు ట్రాక్ మీద ఉరికించాలని ఆశపడ్డాడు. అందుకు బరువు తగ్గాలట. ముందు బంపర్ లోపలుండే ఇనుప బీమ్ తీసేయమన్నాడు.

"దెబ్బను ఆపేదే అది రా" అన్నాను.

"పోయిన ఐతారం సంఘంల సాక్ష్యం ఎవరు చెప్పిన్రే? బరువులు పక్కకువెట్టి ఉరకాలె అని నువ్వే గదా అన్నా!"

చర్చిలో నేను చెప్పింది పాపపు బరువు గురించి. అయినా నవ్వొచ్చింది. వాడి సంతోషం చూసి కాదనలేక బోల్టులు విప్పాను. బీమ్‌ను రెండు చేతులా ఎత్తి, "పది కిలోల పైనే ఉంటదన్నా!" అని మురిసిపోయాడు. బంపర్‌ను మళ్లీ బిగించాను. చూడడానికి ఏ తేడా లేదు. బొటనవేలితో నొక్కితే మాత్రం లొత్త పడి, మెల్లగా పైకొచ్చింది.

మా ఇంట్లో ఏ బండి కొన్నా, బాగుచేయించినా, చెయ్యి ఉంచి ప్రార్థించకుండా తాళం తిప్పరు.

"ప్రార్థన చెయ్యన్నా, జల్ది పోవాలె. రేపు పొద్దుగాల నీ మరదల్ని, బిడ్డను దీంట్లనే దుబ్బాక తీస్కపోతున్న."

బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఇందులో కూర్చునేవారికి నీవే అడ్డుగా..." ఎన్నో బండ్ల మీద చెప్పిన మాటే. ఆ రోజు అక్కడే ఆపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమైందన్నా, మర్సిపోయినవా?"

"అడ్డును నేనే తీసి కిందవెట్టిన. ఇప్పుడు నువ్వు అడ్డుండు అని ఆయన్ను అడుగుతున్న. గిది ప్రార్థన గాదు రా, దేవుణ్ణి శోధించుడు, పరీక్షవెట్టుడు."

"ట్రాక్ మీద నేనొక్కణ్నే ఉంట గదనే!"

"ట్రాక్ మీద ఒక్కనాడు. రేపు పొద్దుగాల?"

వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అలిగాడనుకున్నాను. చాలా రోజులు కూడబెట్టుకున్న ఆశ వాడిది. దాన్ని చిన్నబుచ్చినందుకు నాకూ మనసు నొచ్చింది. అంతలో వాడే వంగి, రెండు బంపర్ల కిందా తాను మోజుపడి పెట్టించుకున్న లావాటి ఫైబర్ పట్టీలను తట్టాడు.

"గివి తీసెయ్ మరి. ఎంతో కొంత తగ్గుతది."

"అందమంతా గివే అంటివి గదరా?"

"ఇజ్జత్ తియ్యకన్నా. గా పానా ఇటియ్యి."

బంపర్ విప్పి, బీమ్‌ను మళ్లీ దాని చోట ఆనించి ఒక కొసన నేను పట్టుకున్నాను. మొదటి బోల్టు వాడే బిగించాడు.