బొత్తాం వెనకవైపు

ఇన్నేళ్ళూ ఒక అబద్ధాన్ని మోస్తూ మర్యాదస్తుడిలా బతికాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా మీద మాత్రం జాలిపడకండి, ఒళ్ళు మండుతుంది.

బందరులో నాది టైలరు దుకాణం. పాత బొత్తాలు పోగెయ్యడం నా పిచ్చి. బొత్తాం వయసు చెప్పడంలో నా అంతవాడు లేడని పేరు. అందులో పెద్ద విద్యేమీ లేదు. అందరూ ముందువైపు చూస్తారు, నేను తిరగేసి చూస్తాను. వెనక దారం దూర్చే కొక్కేన్ని చేత్తో అతికి, ఆకురాయితో రాకి ఉంటే పాతది. మిషను మీద అచ్చుగుద్ది, కంపెనీ అక్షరాలుంటే మొన్నమొన్నటిది.

నాగాయలంకలో ఒక ఆసామి ఇంట్లో కూలికి పనిచేసే కరుణమ్మ, కొడుకు పెళ్ళికోటు కుట్టించడానికి వచ్చింది. ఆరు ఇత్తడి బొత్తాలు తెచ్చింది. వాళ్ళింట్లో ఏ మగపిల్లాడి పెళ్ళికైనా చర్చిలో ఆ బొత్తాలే. ఉప్పుగాలికి కోటు చివికిపోతే, బొత్తాలు కోసి కొత్తకోటుకి కుట్టించుకుంటారు. తిరగేశాను. నూరేళ్ళు పైమాటేనని నా నోటితో నేనే చెప్పాను. ఒక్కటివ్వమని బతిమాలాను.

"మా పిల్లల పెళ్ళిళ్ళకండి, మీ డబ్బాలోకి కాదు" అని నవ్వేసింది.

ఆ నవ్వు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకోవాలి? ఆమె వస్తువు, ఆమె ఇష్టం. కాని ఒక కూలిమనిషి నన్ను కాదనడమా అనుకున్నాను. అదీ నా బుద్ధి.

నెల తిరక్కుండా, ఆమె పనిచేసే ఇంటి ఆసామి నన్ను పిలిపించాడు. ఆయన తండ్రి కోటుకున్న ఇత్తడి బొత్తాలు పోయాయట, ఒక్కటే మిగిలిందట. పెళ్ళికోటు చూసి, కరుణమ్మే దొంగ అన్నారు. అవి మా తాతలనాటివని ఆమె అంటే, కొత్తకోటుకి తాతలనాటి బొత్తాలేమిటని జనం నవ్వారు. వాళ్ళందరి ముందూ అరుగు మీద ఆ కోటూ, ఆయన బొత్తామూ నా చేతిలో పెట్టారు.

"చెప్పవయ్యా, రెండూ ఒకటేనా?" అన్నాడు ఆసామి.

"ఆవేళ మీరే చెప్పారు గదండీ టైలరుగారూ, నూరేళ్ళనాటివని. ఆ మాటే చెప్పండి, చాలు" అంది కరుణమ్మ.

ముందువైపు రెండింటి మీదా ఒకే పువ్వు. తిరగేశాను. ఆయన బొత్తాం వెనక కంపెనీ అక్షరాలు. ఆమెవాటి వెనక ఆకురాయి గీతలు.

"నేనలా అనలేదండీ. ముప్పై ఏళ్ళలోపువే. మీవేనండి" అన్నాను.

ఆసామి బ్లేడుతో బొత్తాలు కోయించి, "వాళ్ళ ఒంటి మీదికెక్కినవి మాకెందుకయ్యా, నువ్వే ఉంచుకో" అని నా ముందు పడేశాడు. ఏరుకున్నాను. ఒక్కొక్కటే, వంగి, ఆరూ ఏరుకున్నాను.

ఆమె కొడుకు కోటుకి పిన్నీసులు పెట్టుకుని పాదిరిగారి ముందు నిలబడ్డాడట. దొంగని పనిలోకి ఎవరు పిలుస్తారు? కరుణమ్మ ఊరొదిలి వెళ్ళిపోయింది.

ఆ ఆసామిని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను. ఆ జనాన్నీ అంతే. వెనకవైపు మాకూ చూపించవయ్యా అని ఒక్కడైనా అడగలేదేం? అడిగితే నా అబద్ధం అక్కడే తేలిపోయేది కదా! చూశారా, నా తప్పు వాళ్ళ నెత్తిన ఎలా రుద్దుతున్నానో. ఆమె ఎక్కడుందో వెతికానా? లేదు. ఒక్కసారీ లేదు. బొత్తాలకి మాత్రం చింతపండు పెట్టి మెరుగుపెట్టాను.

ఆ అరుగు మీద చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. ఈ బొత్తాలు నూరేళ్ళు దాటినవి. కరుణమ్మవి. దొంగని నేను.

ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. ఈ తేలిక కూడా ఆమె దగ్గర కాజేసిందేననిపిస్తోంది.