చిన్న ఈరన్న లాకు

చిన్న ఈరన్నలాంటి గిరాకీ ఏడాదికొకడు తగిలినా చాలు, మెకానిక్కు స్పానర్లు అమ్ముకుని మేకలు కాసుకోవచ్చు. మనిషి చెడ్డవాడని కాదు. తాగడు, అబద్ధమాడడు, ఉల్లిగడ్డ చేలో పొద్దున దిగితే చీకటి పడేదాకా నడుమెత్తడు. కానీ ఒక వస్తువు కొనాలంటే ఎదుటివాడి ప్రాణం తోడేస్తాడు. కోడుమూరు రోడ్డులో నేను షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. యేసుప్రసాద్ చెయ్యి పెట్టిన బండి మళ్లీ అదే రోగంతో తిరిగి రాదని నాకొక పేరుంది. ఆ పేరుకే ఈయన ఎసరు పెట్టాడు.

ఉగాది దాటాక వచ్చాడు. "ప్రసాదప్పా, నా పికప్పుకు వెనక లాకు పెట్టాల. వంకలో దిగబడతాండాది" అన్నాడు.

ఆయన చేనికి వంకలోంచి, అంటే చిన్న వాగులోంచి, పోవాలి. వాన పడితే అక్కడ నల్లమట్టి జిగురులా పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి బురదలో గిర్రున తిరుగుతూ ఉంటే రెండోది గట్టినేల మీదుండి కూడా కదలదు. ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గుణమే అంత, ఏ చక్రం తేలిగ్గా తిరిగితే బలమంతా దానికే ఇస్తుంది. లాకు పడితే రెండూ కలిసి తిరుగుతాయి, బండి బయటికొస్తుంది. ఇంతే సంగతి.

లాకుల్లో మూడు రకాలున్నాయని చెప్పడం నా తప్పు. లోపలి పళ్లచక్రాలను వెల్డింగుతో అతికించెయ్యడం ఒకటి. చౌకే, కానీ తారురోడ్డు మీద మలుపు తిరిగితే టైర్లు ఈడ్చుకుపోతాయి, ఏదో ఒకరోజు ఇరుసు పుటుక్కుమంటుంది. చక్రం జారగానే తనంతట తానే పట్టుకునేది రెండోది. సీటు పక్కన పిడి లాగితే పడేది మూడోది, లాగకపోతే అది మామూలు బండే.

"నీకు రెండోది పెడతా. నువ్వేమీ చెయ్యాల్సిన పనిలేదు" అన్నాను.

"అడిగి చెప్తా" అన్నాడు.

ఎవరినని అడగలేదు? రాయచోటిలో టమేటా తోలే బావమరిదిని అడిగాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే ఉరుకుందప్పను అడిగాడు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పడం, ఈయన ఆ మాట పట్టుకుని నా షెడ్డుకు రావడం, నేను మొదటి నుంచీ మళ్లీ చెప్పడం. ఒకరోజు ఫోన్లో ఎవరో తెల్లవాడు బండిని నిట్టనిలువు బండరాయి ఎక్కిస్తుంటే చూపించి, "ఈ మాదిరిది మన వంకకు సరిపోతాదా?" అన్నాడు.

"మన వంకలో బండరాయి యాడుండాదప్పా?" అన్నాను.

వినాయక చవితి దగ్గరపడినా తేలలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు. చివరికి విసుగెత్తి, ఆ దిగబడే చోటేదో నా కళ్లతో చూద్దామని మోటారు సైకిలు వేసుకుని పోయాను. చూస్తే ఒళ్లు మండిపోయింది. వంకకు వంద గజాల అవతల చక్కటి బండిదారి ఉంది. గట్టినేల, చదునుగా, సీదా ఈయన చేలోకే పోతుంది. దారి మొదట్లో మాత్రం ఎవరో తుమ్మకంప అడ్డం వేశారు.

"ఆ కంప తీసి ఆ దారిన పోవచ్చు కదయ్యా. లాకెందుకు?" అన్నాను.

"అది మాయన్నది" అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు రోగం. ఆరేళ్ల కిందట భాగాలు పంచుకునేటప్పుడు పెద్ద ఈరన్న అడుగులతో కొలిచి గట్టు చూపించాడు. చిన్న ఈరన్న ఊరుకోకుండా సర్వేయరును పిలిపించి, గొలుసుతో కొలిపించి రాయి వేయించాడు. గట్టు మూరెడు కూడా జరగలేదు. అన్న మాత్రం, నా మాట నమ్మకుండా గొలుసు వేయించినాడని దారికి కంప కొట్టాడు. అప్పటి నుంచి మాటల్లేవు.

"బండి దిగబడిన ప్రతిసారీ మాయన్నే ట్రాక్టరు ఏసుకొని వస్తాడప్పా. నేను పిల్చను. ఇంజను రొద విని ఆయనే వస్తాడు. గొలుసు తగిలిచ్చి లాగేసి, మాటా పలుకూ లేకుండా పోతాడు. నాకు సిగ్గుతో సచ్చినంత పనైతాది. ఇంక ఆయన చేత లాగిచ్చుకోకూడదు" అన్నాడు.

జాలేసింది. "అయితే రెండోదే పెట్టుకో, తనంతట తానే పడుతుంది" అన్నాను.

ఒకసారి ఆ కంప వైపు చూశాడు. "పిడి ఉండేదే పెట్టు. నేను లాగితేనే పడాల" అన్నాడు. ఐదు నెలల తర్వాత ఒక మాట తేలింది కదా అని ఎందుకని అడగలేదు.

తెప్పించి బిగించాను. వంకలోకి నేనే వెళ్లి చూపించాను. పిడి లాగగానే రెండు చక్రాలూ మట్టి పట్టుకుని బండి గట్టెక్కింది. అప్పటికే అవతలి గట్టు మీదికి ట్రాక్టరు వచ్చి ఉంది. పెద్ద ఈరన్న మా బండి బయటికి రావడం చూసి, కాసేపు ఆగి, ట్రాక్టరు తిప్పుకుని వెళ్లిపోయాడు. అది కనుమరుగయ్యేదాకా చిన్న ఈరన్న అటే చూశాడు.

"బాగుండాదా?" అన్నాను.

"బాగుండాది" అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

పది రోజుల తర్వాత, ఆదివారం గుడిలో ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి అన్నానికి కూర్చోబోతుంటే ఫోను. "ప్రసాదప్పా, లాకు పనిచెయ్యల్యా. లోడు బండి దిగబడిండాది."

"నీ పనితనం ఆదివారమే బయటపడల్లనా?" అంది నా భార్య ప్రసన్నకుమారి. తెల్లచొక్కా మార్చుకోకుండానే పరుగెత్తాను. దారి పొడుగునా, ఏ బోల్టు వదులైందా, ఏ తీగ తెగిందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పికప్పు ఇరుసు దాకా కూరుకుపోయి ఉంది. పెద్ద ఈరన్న వంగి గొలుసు తగిలిస్తున్నాడు. నేను తలుపు తీసి లోపల చూశాను. పిడి మామూలుగా ఉండే చోటే ఉంది. అన్నం క్యారియరు సంచీ, తువ్వాలు దానికే తగిలించి ఉన్నాయి. సంచీ తీసి పిడి లాగి చూశాను. టక్కున పడింది. ఈ మనిషి దాన్ని లాగనే లేదు.

కోపం నెత్తికెక్కింది. గొంతు చించుకుని అరుద్దామని బయటికి తల పెట్టాను. మోకాళ్లలోతు బురదలో నిలబడి చిన్న ఈరన్న నా వంకే చూస్తున్నాడు. కళ్లతోనే వద్దన్నాడు.

ఇంతలో పెద్ద ఈరన్న నడుమెత్తాడు. "ఏమప్పా మెకానిక్కూ, వాడు నీకు ఫోన్లో చెప్తాంటే ఇన్నా, మావోనికి పనికిరాని సరుకు అంటగట్టినావంట? వాడు ఎవురేం చెప్పినా నమ్ముతాడు. నీకైనా ఉండొద్దా?"

మావోడు అన్నాడు. ఆరేళ్ల తర్వాత. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, ఆ మాటకు ఖరీదు నా పద్దెనిమిదేళ్ల పేరు. ఈ సంగతి సాయంత్రానికి కోడుమూరంతా పాకుతుందని తెలుసు. లోపలికి వంగి పిడి వెనక్కి వేసి, సంచీ మళ్లీ దానికే తగిలించాను.

"అవునన్నా, నాసిరకం వచ్చింది. తప్పు నాదే" అన్నాను.

"ఇంకోసారి ఏమన్నా కొనేటప్పుడు ఇంటికాడికొచ్చి నన్నడగమని చెప్పు వానికి" అన్నాడు పెద్ద ఈరన్న. తమ్ముడు రెండు బారల దూరంలోనే ఉన్నాడు.

"వస్తానని చెప్పు మాయన్నకు" అన్నాడు చిన్న ఈరన్న, నాతోనే.

తెల్లచొక్కా నిండా బురదతో ఆ ఇద్దరి నడుమ నిలబడి, పెద్ద ఈరన్న వైపు తిరిగాను.

"వస్తాడంటన్నా" అన్నాను.