తలాపు అక్కకు అప్పజెప్పిన తాళం

మా ఆపరేషన్ థియేటర్లో ఆవిడది టెక్నీషియన్ ఉద్యోగం. అందరూ పిలిచేది మాత్రం తలాపు అక్క అని. పేషెంటుకు మత్తు ఇచ్చేది నేను, కోసేది పెద్ద డాక్టరు. తలవైపు స్టూలు వేసుకుని కూర్చుని, "ఏం కాదు, నేనిక్కడే ఉన్నా" అనేది ఆవిడ. పంతొమ్మిదేళ్లుగా ఆ స్టూలును ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు.

దానికో కారణం ఉంది. కడుపు కోసి తన బిడ్డను తీసిన రోజున, నడుము కింద మొద్దుబారి, మెలకువతో పడుకుని ఉంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి బదిలీ గురించో మాట్లాడుకున్నారట. ఒక్కరూ పలకరించలేదట. "పైన లైట్లు లెక్కపెట్టా డాక్టర్ గారూ. ఏడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే," అని నాతో ఒకసారి అంది.

కిందటేడు మాకు వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకుంటే కళ్ల ముందు కొండలు, తోటలు, చెవుల్లో సంగీతం. నాకు ఒళ్లు మండింది. మందుతో పోయే భయానికి ఈ బొమ్మలాట ఎందుకని సణిగాను. అక్క స్టూలుకు ఎసరు పెట్టారని కూడా అనుకున్నాను. ఆవిడేమో వాటిని చంటిపిల్లలా చూసుకునేది. ఖాళీ దొరికితే తానే పెట్టుకుని, ఏ బొమ్మకు ఏ సంగీతం నప్పుతుందో నోటుబుక్కులో రాసుకునేది.

ఆ రోజుల్లోనే ఒక రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. మోకాలు మార్చాలి. అప్పటికి రెండుసార్లు బల్ల ఎక్కి, భయంతో బీపీ పెరిగిపోయి దిగిపోయాడు. ఊపిరితిత్తులు బాగాలేవు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వలేను, నిద్రమందు ఇవ్వడానికీ జంకే. మూడోసారీ ఇంతే అయితే ఇక చేసేది లేదని పెద్ద డాక్టరు తెగేసి చెప్పాడు. అంటే ఇక ఆయన బతుకు కుర్చీలోనే. ఆయన భార్య ఒక చేత్తో ఆయన్నీ, ఇంకో చేత్తో గోడనూ పట్టుకుని వరండాలో నడవడం నేను చూశాను.

"ఈసారి నాకు వదిలెయ్యండి డాక్టర్ గారూ," అంది అక్క.

నడుములో సూది ఇచ్చేటప్పుడు సంగీతం బాగానే పనిచేసింది. కాళ్లు మొద్దుబారాక అక్క కళ్లద్దాలు పెట్టింది. డ్రైవరుకు రోడ్డు కంటే ఇష్టమైనదేముంటుందని, కొండదారిలో వంపులు తిరుగుతూ దిగే ప్రయాణం ఎంచుకుంది. నాకూ సబబుగానే తోచింది.

నిమిషం కాలేదు, మానిటర్ మొత్తుకుంది. బీపీ పై అంకె నూట తొంభై ఆరు. ఆయన బల్ల అంచులు పట్టుకుని, "బ్రేకు! బ్రేకు పడట్లేదు! కాలు రావట్లేదమ్మా!" అని కేక పెట్టాడు.

పాపం, కాలు ఎక్కడినుంచి వస్తుంది? దాన్ని మొద్దుబార్చింది నేనే. ముప్పై నాలుగేళ్లు బండి నడిపిన మనిషిని బ్రేకు లేకుండా దిగుడులోకి తోసేశాం.

"తీసెయ్యండి. ఇంకా కత్తి పెట్టలేదు, పంపించేద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు గ్లవ్స్ లాగేస్తూ.

అక్క కళ్లద్దాలు తీసింది. ఆవిడ మొహం పాలిపోయింది. "ఐదు నిమిషాలివ్వండి," అంది. "ఇద్దాం సార్," అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

"బాబాయ్, తప్పు నాది. మిమ్మల్ని అడక్కుండా బండెక్కించా. డ్యూటీ దిగాక మీరేం చేసేవారు?"

ఆయన రొప్పుతూనే ఆలోచించాడు. "బండి డిపోలో పెట్టి... తాళం అప్పజెప్పి... వెనక మెట్ల మీద కూర్చునేవాణ్ణి తల్లీ. ఇంజను మోత చెవుల్లోంచి పోయేదాకా."

"అయితే మీ డ్యూటీ అయిపోయింది. తాళం ఇలా ఇవ్వండి."

ఎడమ అరచేయి చాచింది. నేను నవ్వబోయి ఆగాను. ఆయన వేలికి క్లిప్పు ఉన్న చేతిని మెల్లగా ఎత్తి, లేని తాళాన్ని ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ వేళ్లు తానే మూశాడు.

అప్పుడు పెట్టింది అక్క, ఏదీ కదలని ఒక సరస్సు ఒడ్డు. చెవుల్లో సన్నగా వేణువు. నూట ఎనభై. నూట అరవై. నూట నలభై. పెద్ద డాక్టరు కొత్త గ్లవ్స్ వేసుకున్నాడు. గంటన్నరసేపు రంపం, సుత్తి చప్పుళ్ల మధ్య మా డ్రైవరు నిశ్చింతగా పడుకున్నాడు. అక్క మాత్రం ఆ ఎడమచేతి పిడికిలి విప్పలేదు, పనులన్నీ కుడిచేత్తోనే చేసుకుంది. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఇప్పుడు అక్క నోటుబుక్కులో ప్రతి పేషెంటునూ ముందురోజు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పని దిగాక ఎక్కడ కూర్చుంటారు? అది అడిగాకే కళ్లద్దాలు బయటికి తీస్తుంది.

ఆరు వారాలకు ఆయన చేతికర్రతో, భార్యను నాలుగడుగులు వెనకే వదిలేసి, థియేటర్ తలుపుదాకా నడిచి వచ్చాడు. అక్క ఎదురెళ్లి పిడికిలి చాచింది.

"ఇదుగో బాబాయ్, మీ తాళం."

ఆయన చేయి వెనక్కి పెట్టేసుకున్నాడు.

"నీ దగ్గరే ఉండనీ తల్లీ. ఇంకో మోకాలుంది కదా!"