సూది బరువు

మా అక్క గొంతు ఒక నల్లటి రికార్డులో ఉంది. పెళ్లికి ముందు ఆమె మా ఊరి చర్చి బృందంలో పాడేది. అప్పటి పాస్టరుగారు అందరినీ పట్నం తీసుకుపోయి ఒక కీర్తన రికార్డు చేయించారు. అందులో మొదటి చరణం అక్క ఒక్కతే పాడింది. ఆ రికార్డుల్లో మిగిలింది మా ఇంట్లోని ఒక్కటే.

రిటైరయ్యాక పాత రికార్డు ప్లేయరు ఒకటి కొని, దానికి కొత్త కార్ట్రిడ్జ్ బిగించాను. అంటే సూదిని పట్టుకుని ఉండే చిన్న పెట్టె. రంగులు చూసి సన్నటి తీగలు తగిలించాను. దానితో వచ్చిన కాగితం మీది గీతలకు సరిగ్గా దాన్ని నిలిపాను. ఏ స్క్రూ ఎటు తిప్పానో డైరీలో రాసుకున్నాను. అప్పుడు ఆలూరు నుంచి అక్కను పిలిపించి రికార్డు పెట్టాను.

అక్క గొంతులో 'స' వచ్చిన ప్రతిచోటా పోపులో ఆవాలు చిటపటలాడాయి.

"నా గొంతు గిట్లనే ఉండెనా తమ్మీ?"

"కాదక్కా, తప్పు మిషన్‌ది."

"మిషన్ ఏం జేస్తది? నేనెట్ల పాడిన్నో అట్లనే పాడింది. ఇన్నేండ్లు కోడండ్లకు ఊకె గొప్పలు చెప్పుకున్న." చాయ్ సగంలోనే వదిలి లేచింది.

ఆదివారం మళ్లీ రమ్మన్నాను. "వస్త. మటన్ తిని పోత. ఆ పాట పెట్టినవంటే మాత్రం లేచిపోత," అంది.

కార్ట్రిడ్జ్‌తో వచ్చిన పుస్తకం మళ్లీ తీశాను. సూది రికార్డు మీద రెండు గ్రాముల బరువుతో ఆనాలట. ఉన్న ఒక్క రికార్డూ అరిగిపోతుందన్న భయంతో నేను దాన్ని బాగా తేలిక చేసి ఉంచాను. తేలికైన సూది గాడిలో నిలవదని, ఎగిరెగిరి పడుతుందని, ఆ చిటపట అదేనని అప్పుడు తెలిసింది. మరి రెండు గ్రాములు తూచేదెట్లా? మా వంటింటి కాటా కొత్తిమీర కట్ట పెట్టినా కదలదు. చేవెళ్లలో నాకు తెలిసిన బంగారం దుకాణానికి వెళ్లి, తరాజు ఒక పూటకు ఇమ్మని సేటును అడిగాను.

"ఇయ్యాల శుక్రవారం సార్. తరాజు గడప దాటదు."

"సరే, రేపొస్త."

"రేపు గూడ దాటదు. శుక్రవారం అంటె మీరు ఇంకో మాట అడగరని చెప్పిన."

తరాజు రాకపోతే ప్లేయరే పోవాలి. మర్నాడు దాన్ని దుప్పట్లో చుట్టి, షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ఒకామె ఎక్కడికని అడిగింది.

"చేవెళ్లకమ్మా. సూది సంగతి చూపియ్యాలె."

"అయ్యో! ఏ దవాఖానకన్నా?"

"దవాఖాన కాదు, బంగారం దుకాణం."

ఆమె నన్ను, దుప్పటి మూటను మార్చి మార్చి చూసి, కొంచెం అటు జరిగి కూర్చుంది.

సేటు తన గద్దె ముందు తరాజు పెట్టాడు. ప్లేయరు చెయ్యిని మెల్లగా దించి సూదిని దాని మీద ఆనించాను. గ్రాము కూడా చూపలేదు.

"గింత తక్కువ మాలు తెచ్చి నన్ను తూచుమన్నోళ్లు ఇంకెవ్వరు లేరు సార్," అన్నాడు సేటు.

ప్లేయరు చెయ్యి వెనక బరువు సర్దేందుకు ఉన్న గుండును కొంచెం కొంచెంగా తిప్పుతూ రెండు గ్రాములకు తెచ్చాను. గొలుసు కొనడానికి వచ్చినవాళ్లు కూడా బేరం ఆపి చూశారు. ఇంటికి వచ్చేటప్పుడు గుంతలున్న ప్రతిచోటా ఆ గుండును వేలితో పట్టుకునే ఉన్నాను.

ఆదివారం అక్క వచ్చింది. ఆమె అన్నంలో కూర కలుపుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, సూది దించాను. ఎంగిలి చేత్తో ఎక్కడికి లేచిపోతుంది?

"తమ్మీ, వద్దంటి గద..."

అంతలో పాట మొదలైంది. గొంతు లేతగా, నిండుగా వచ్చింది. 'స' వచ్చింది, ఆవాలు రాలేదు. చరణం మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

"అవ్వో, నేనే!" అంది అక్క. ముద్ద పట్టుకున్న చెయ్యి కంచం మీదే ఉండిపోయింది. తర్వాత తనూ గొంతు కలపబోయింది. అది గరగరమని మధ్యలో విరిగింది. పకపకా నవ్వి, ఎడమ చేత్తో గొంతు చూపించింది.

"దీన్ని గూడ ఆ సేటు దగ్గరికి తీస్కపోరాదుర!"

"ఆయన తూస్తడు గని, తిప్పనీకి నీకు వెనక గుండు లేదక్కా."

"నోర్ముయ్యి. జర మళ్ల పెట్టు. నా కోడండ్లకు ఫోన్ చేసి దీని దగ్గర పట్టు."

"కూర చల్లారుతది."

"చల్లారనీ."