పెద్దనాన్న దించిన గోడ

యలహంకలో మా పెద్దనాన్న మొన్న శుక్రవారం కన్నుమూశారు. మా లేఅవుట్‌కు ప్లాన్ గీసింది ఆయనే. బస్టాపుకు వెళ్ళే సందుకు రెండు వైపులా ఎత్తు గోడలు పెట్టించి, "ఇండ్లకి మరుగుండాల" అని మురిసిపోయేవారు.

ఒక సాయంత్రం ఆ సందులో వెనక వీధి టీచరమ్మ మెడలోని గొలుసు ఎవడో తెంపుకుపోయాడు. తోసిన తోపుకు ఆమె చెయ్యి విరిగింది. ఎంత అరిచినా ఎవరం బయటికి రాలేదు. గోడలవతల మేము కాఫీలు తాగుతూ టీవీ చూస్తున్నాం.

మర్నాడు పెద్దనాన్న నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ గోడలు గీసింది నేనేనమ్మా. నువ్వు అరిస్తే ఎవురికీ వినపడకుండా చేసినోణ్ణి నేనే."

"బిడి సార్, వదిలేయండి. ఎవుడో చేసిన పనికి మీరేం చేస్తారు?" అంది టీచరమ్మ.

"వానికి చోటు చేసిచ్చింది నేను కదమ్మా!"

ఇంటికి వచ్చేదాకా ఆయన తలెత్తలేదు.

ఆ వారమే మేస్త్రీని పిలిచి మా గోడను నడుమెత్తుకు దించేశారు. సందు వైపు కిటికీ పెట్టించారు. కొమ్మల్లో కూరుకుపోయిన వీధి దీపాన్ని కిందికి దింపించారు. ఆపైన ఇల్లిల్లూ తిరిగారు.

"గోడ తీస్తే దొంగను ఇంట్లోకి పిల్చినట్టు కాదా?" అని ఎదురింటాయన కోప్పడ్డారు.

"నీ గోడ నీకు ధైర్యమప్పా. దావలో పోయే ఆడబిడ్డకి అదే భయం. చూసేవాళ్ళు ఉండారంటే దొంగకి చేతులాడవు."

కొందరు విన్నారు. కొందరు తలుపేసుకున్నారు. సందు మొదట్లో పూలమ్మే ఆమెకు అరుగు కట్టించి, సాయంత్రాలు తానూ అక్కడే కుర్చీ వేసుకునేవారు. సందులో మళ్ళీ మనుషుల అలికిడి మొదలైంది. ఎవరైనా మెచ్చుకుంటే, "బాగు చేసినానంటారే గానీ, చెడిపిందెవురో అడగరే" అనేవారు.

టీచరమ్మ మాత్రం ఆ సందులో మళ్ళీ అడుగు పెట్టలేదు. మెయిన్ రోడ్డంతా చుట్టి వచ్చేది. ఆమె దూరాన కనిపిస్తే పెద్దనాన్న మాట్లాడుతున్న మాట ఆపేసేవారు. ఆ సాయంత్రం ఇళ్ళల్లో ఉన్నవాళ్ళం మేము. మా అందరి సిగ్గూ ఆయనొక్కరే మోశారు.

శనివారం ఆయనను ఆ సందులోంచే తీసుకెళ్ళాం. దించిన గోడల దగ్గర జనం చేతులు జోడించి నిలబడ్డారు. ఎత్తు గోడల వెనక ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు. సందు చివర, రోడ్డంచున, టీచరమ్మ చెప్పులు విడిచి నిలబడి ఉంది.