గాడిదగడపాకు వాసన

తొంభైల మొదట్లో, బ్రిస్బేన్‌లో మా ఇంటి వెనక వాగు గట్టున ఆ తీగ కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకు నలిపి వాసన చూశాను. సందేహమే లేదు, మా గాడిదగడపాకే. చిన్నప్పుడు కడుపునొప్పి అంటే చాలు, అమ్మమ్మ ఆ ఆకు నూరి నా బొడ్డు చుట్టూ పట్టు వేసేది. ఒక తీగ వేళ్లతో సహా పెకలించి తెచ్చి మా పెరటి కంచె పక్కన నాటాను.

ఆ కంచె మీద అప్పటికే ఒక తీగ ఉంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి స్కూలు నుంచి తెచ్చి నాటుకున్నది. అది ఈ నేలలో పుట్టిన తీగ. అరచెయ్యంత పెద్ద సీతాకోక ఒకటి దాని మీదే గుడ్లు పెడుతుందట, అదిప్పుడు ఎక్కడా కనబడటం లేదట. రెండేళ్లుగా దానికోసమే కాచుక్కూచుంది పిచ్చిపిల్ల.

"అమ్మా, నువ్వు తెచ్చింది రాంగ్ వన్. టీచర్ చూపించింది. మంచిదాని లీఫ్ లాంగ్‌గా, వెనక రఫ్‌గా ఉంటుంది. ఇది సాఫ్ట్, హార్ట్ షేప్."

"నాకు చెప్పొచ్చావా? పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్న ఆకే ఇది!" అని కసిరాను.

ఆ వేసవిలో సీతాకోక రానే వచ్చింది. పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. అది మా అమ్మాయి తీగ మీద ఒక్కసారి వాలి, లేచి, నా తీగ మీద కుదురుకుంది. ఆకుల అడుగున గుడ్లు పెట్టి పోయింది.

కొన్నాళ్లకి గొంగళిపురుగులు పుట్టి లేతాకులు కొరికాయి. మర్నాడు పొద్దున ఒక్కటీ కదల్లేదు. ఆకుల అంచులు పట్టుకునే నల్లబడి చచ్చి ఉన్నాయి. పెరట్లో పిట్ట కూత కూడా లేదు, లేదా నాకే వినబడలేదేమో.

"అమ్మా, ఇండియాలో ఈ లీఫ్ ఎందుకు వాడతారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేకపోయాను. "పిల్లల కడుపులో పురుగులు చావడానికి," అన్నాను.

పిల్ల చచ్చిన పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది. అది చూసి నాకు భయమేసింది. తీగని పెరికి పారేసి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. వాసన పోలేదు.

సాయంత్రం సీతాకోక మళ్లీ వచ్చింది. మా అమ్మాయి తీగని దాటి, నా తీగ పోయి ఖాళీ అయిన చోట కంచె చుట్టూ తిరిగి తిరిగి, చివరికి నా మణికట్టు మీద వాలింది. కాళ్లతో తడిమి చూసి, పొట్ట వంచింది.

"అమ్మా, అక్కడ పెట్టనివ్వకు!" అని ఏడ్చింది పిల్ల.

విదిలిద్దామంటే చెయ్యి కదల్లేదు. చర్మం మీద చల్లగా ఒక చుక్క తగిలింది.