చెనిక్కాయలు ఒలుస్తూ అత్త పాడిన పాట

నిన్న సాయంత్రం పూజ ముగించి లేచేసరికి మా పాప కంప్యూటర్లో ఇంగ్లీషు రాక్ పాట ఒకటి పెట్టింది. ఎవరో గొంతు చించుకుని పాడుతున్నాడు.

"ఏమంటాండాడే?" అని అడిగాను.

"ఈ ఊరు వదిలి యాడికైనా పోవాలంటాండాడమ్మా. పోలేక అట్ల అరుస్తాండాడు."

ఆ మాటకు మా మేనత్త గుర్తొచ్చింది.

మా ఊరు మిట్టేమరిలో మా చిన్నప్పుడు విత్తనాల కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని చెనిక్కాయలు, అదే వేరుశనగలు, ఒలిచేవాళ్ళం. వేళ్ళు మంట పుట్టేవి, ముక్కు నిండా ఎర్రమట్టి వాసన. గింజలు నోట్లో వేసుకుంటామని అవ్వ మాచేత ఆపకుండా పాటలు పాడించేది. మీ ఇళ్ళలోనూ అంతే కదా?

అత్తకు అప్పుడు పదమూడేళ్ళు. ఏడో తరగతితో చదువు మాన్పించారు, మా ఊళ్ళో బడి అంతవరకే. ఆమె ఎప్పుడూ ఒకటే పాట పాడేది, కొండ అవతల నుంచి రథంలో వచ్చి నన్ను తీసుకుపో స్వామీ అని. అంత మనసు పెట్టి పాడినవాళ్ళను నేను ఏ భజనలోనూ చూడలేదు.

"ఎంత భక్తో నా బిడ్డకు!" అని అవ్వ మురిసిపోయేది.

ఒకరోజు నేను అడిగాను. "అత్తా, రథమొస్తే యాడికి పోతావు?"

"బాగేపల్లి హైస్కూలుకు" అంది నా చెవిలో.

నేను నవ్వుతూ అవ్వకు చెప్పేశాను.

"దేవుని పాటలో ఇదేం బుద్ధే! ఇంగ ఆ పాట పాడొద్దు" అంది అవ్వ.

మరుసటి రోజు అందరం పాడుతుంటే అత్త మాత్రం మౌనంగా ఒలుస్తోంది.

"గింజలు తింటాండావా? నోరు తెరువు" అని అవ్వ గదిమింది.

అత్త నోరు తెరిచి చూపించింది. అందులో ఒక్క గింజ కూడా లేదు.